తలుపులు లెక్కపెట్టే మనిషి

ఈ కబురు నాకు మొదట తెచ్చింది మా మరదలు, తమ్ముడి భార్య సుజాత. నిన్న పొద్దున పూజకు పూలు కోస్తుంటే గేటు దగ్గరే నిలబడి, "వదినె, ఇచ్చోడ తాత పోయిండట" అంది. బస్టాండులో కలిసిన ఇచ్చోడ మనిషి ఎవరో ఆమెకు చెప్పారట. నిద్రలోనే పోయారట. మంచం ఎప్పటిలాగే గడప పక్కన వేసి ఉందట, తలుపు బార్లా తీసి ఉందట.

కోసిన పూలు చేతిలోనే ఉండిపోయాయి. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, భయం. ఇక మావాళ్ల బండ్లకు తలుపులు ఎవరు లెక్కపెడతారన్న భయం. ఈ మాట మీకు వింతగా ఉంటుందని తెలుసు. అందుకే ఆయన గురించి రాయడానికి కూర్చున్నాను. నేను బడికి పోయి చదివినదాన్ని కాదు. మా బాపు మగ్గం పక్కన పలక పెట్టి, ఒక చేత్తో నాడె ఆడిస్తూ దిద్దించిన అక్షరాలే నావి. ఇందులో తప్పులుంటే అవి నావి. మంచి ఏమైనా ఉంటే అది ఆయనది, ఆపైన భగవంతునిది.

ఆయన పేరు రాయను. అడిగితే వద్దనేవారే.

కరీంనగర్‌లో మా ఇంటి వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉండేవారు. పుట్టింది ఇచ్చోడ దగ్గర. ముప్పై ఏండ్లు కూపుల్లో లారీ నడిపారు. ఇటు చాలామందికి ఆ మాట తెలియదు. చెట్లు నరకడానికి సర్కారు హద్దులు గీసి ఇచ్చే అడవి ముక్కను ఆదిలాబాద్ దిక్కు కూపు అంటారు. అక్కడి టేకు దుంగలను రోడ్డెక్కించడం ఆయన పని. లారీకి ఎక్కించే ముందు ప్రతి దుంగనూ వేలి కణుపుతో కొట్టి చూసేవారట. గట్టిదైతే ఒక చప్పుడు, లోపల దొల్ల పడితే ఇంకో చప్పుడు. ఆ అలవాటు కరీంనగర్ దాకా వెంట వచ్చింది. మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు కూర్చోమంటే కూర్చోలేదు. ముందు వాకిలి తలుపు కొట్టి చూసి, "గిది టేకు గాదు తాయీ, మద్ది" అన్నారు. మా ఆయన టేకని చెప్పి చేయించిన తలుపు అది. నేను నవ్వాను. మా ఆయన మాత్రం చాలా రోజులు నవ్వలేదు.

తాయీ అంటే అక్క. మరాఠీ మాట, అటువైపు వాళ్ల నోట సులువుగా దొర్లుతుంది. సరే అనడానికి "బర్" అనేవారు. సంతోషమైనా బర్, కోపమైనా బర్, టీ కావాలన్నా బర్. ఏ బర్ ఏదో కొన్నాళ్లకు నాకు తెలిసిపోయింది.

పాత కార్లు కొనేవాళ్లు ఆయన్ను వెంట తీసుకుపోయేవారు. ఆయన వేలితో కొట్టి, రంగు కింద ఎక్కడ పుట్టీ నింపారో, ఎక్కడ రేకు మార్చారో చెప్పేవారు. ఏ బండి ఎక్కినా చెప్పులు బయట విడిచి, గుమ్మాన్ని ముట్టుకుని కళ్లకద్దుకుని ఎక్కేవారు. ఎక్కగానే తలుపులు లెక్కపెట్టేవారు. పెండ్లిళ్లకు పోతే ఫంక్షన్ హాల్లో తలుపు పక్కనే కూర్చునేవారు. బస్సెక్కితే ఆపద కిటికీ తెరుచుకుంటుందో లేదో చూసేవారు. కండక్టర్లు తిట్టేవారు. "బర్" అని ఊరుకుని, కండక్టరు ముందుకు పోగానే మళ్లీ చూసేవారు.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. మనం రోజుకు ఎన్నిసార్లు అంటామో లెక్కే లేని మాట, "ఏం గాదు". పిల్లకు జ్వరమొస్తే ఏం గాదు, కరెంటు పోతే ఏం గాదు. ఆ మాట ఆయన నోటి వెంట నేను ఒక్కసారి తప్ప ఎప్పుడూ వినలేదు.

ప్రతి శనివారం హనుమంతుడి గుడిలో నేను దీపం పెట్టేటప్పుడు తలుపు పక్కన నిలబడేవారు. "ఒక్క వత్తి ఎక్కువెయ్యి తాయీ" అనేవారు. ఎవరికని నేను అడగలేదు. మనిషి తనంతట తాను చెప్పనిదాన్ని దేవుడి ముందు నిలబడి అడగడం నాకు చేతకాదు. వేసేదాన్ని.

ఐదేండ్ల కిందట మా తమ్ముడు మహేందర్‌కు కారు పిచ్చి పట్టింది. వాడిది గ్రానైట్ పలకల వ్యాపారం. అమ్మ పోయాక వాడిని నేనే పెంచాను, అందుకే వాడి సంతోషమన్నా వాడి తొందరన్నా నా గుండెకు గట్టిగా తగులుతాయి. జగిత్యాల రోడ్డు మీద పాత కార్లమ్మే చోట ఒక విదేశీ కంపెనీ కారు చూసి వచ్చాడు. ఆ కంపెనీ చేసే స్పోర్ట్స్ కార్లలో అన్నిటికన్నా కింది మెట్టుదట. కొత్తదైతే మనం అద్దంలోంచి చూడటమే, ఒకరు వాడింది కాబట్టి చేతికందుతుంది అన్నాడు. వారం రోజులు ఫోనులో దాని బొమ్మలు చూపిస్తూనే ఉన్నాడు. నీలి రంగు, పొడుగాటి ముందు భాగం, నేలకు ఆనుకున్నట్టున్న నడుము, వెనక్కు వాలిన పైకప్పు. దూకడానికి వంగిన జంతువులా ఉందది. బొమ్మ చూసినా నాకు భయమేసేది.

"అక్కా, పిల్లకు బాసరల అక్షరాభ్యాసం గీ కార్లనే" అన్నాడు. నా బలహీనత వాడికి తెలుసు. నాకు బాసరలో అక్షరాభ్యాసం జరగలేదు. సరస్వతమ్మ ముందు మేనకోడలి చేయి పట్టి దిద్దించాలని అది పుట్టిన రోజే మొక్కుకున్నాను. పిల్లకు అప్పుడు నాలుగేండ్లు. వద్దనడానికి నోరు రాలేదు. తాతను వెంట తీసుకుపోదాం అన్నాను. మా ఆయన గోదావరిఖనిలో బొగ్గు బావి డ్యూటీలో ఉన్నారు. నా భయం చెప్పుకోవడానికి నాకు తోచిన మనిషి ఆ తాతే.

ఆదివారం పొద్దున ముగ్గురం పోయాం. తాత చెప్పులు విడిచి, కారు చుట్టూ తిరిగి, వేలి కణుపుతో కొట్టడం మొదలుపెట్టారు. ముందు రేకు, తలుపు, కప్పు, కింది అంచు. అమ్మే ఆయన నవ్వి, అది టేకు దుంగ కాదు పెద్దాయనా అన్నాడు. "దుంగైతె అబద్దమాడది" అన్నారు తాత, చెవి రేకుకు ఆనించి. ఇంజన్ నూనె వేలికి రాసుకుని వాసన చూశారు. పంచె నలుగుతున్నా వంగి కిందంతా చూశారు. అరగంట పట్టింది. నేను లోలోపల రామనామం జపిస్తూ ఎక్కడో ఒకచోట దొల్ల చప్పుడు రావాలని కోరుకున్నాను. ఎదుటివాడి సరుకు చెడ్డదై ఉండాలని దేవుణ్ణి అడిగిన పాపం నాది. రాలేదు. ఎక్కడ కొట్టినా ఒకటే చప్పుడు.

"బండి మంచిగున్నది. చేసినోళ్లు నియతుతోని చేసిండ్రు" అన్నారు, నిజాయితీగా చేశారని.

మహేందర్ ముఖం వెలిగింది. దాని గొప్పలన్నీ ఏకరువు పెట్టాడు. నిలబడ్డ చోటు నుంచి ఎంత తొందరగా వేగం అందుకుంటుందో, మలుపులో ఎట్లా నేలను పట్టుకుంటుందో, ఆ గుర్తు చూస్తే గ్రానైట్ కొనేవాళ్లు ఎట్లా మర్యాద ఇస్తారో. తాత అన్నిటికీ బర్, బర్ అన్నారు. చివరకు గీ తీరు బండిని ఏమంటరు అని అడిగారు.

"కూపే" అన్నాడు మహేందర్.

"కూపా?"

అందరం నవ్వాం. నేను కూడా. అడవి కూపు కాదు తాత, కారు కూపే, రెండు డోర్ల బండిని గట్లంటరు అని మహేందర్ విడమరిచి చెప్పాడు. తాత నవ్వలేదు. ముఖం మాడిపోయింది. ఎడమ తలుపు మీద చెయ్యి పెట్టి ఒకటి అన్నారు. చుట్టూ తిరిగి కుడి తలుపు మీద చెయ్యి పెట్టి రెండు అన్నారు. ఇంకోసారి చుట్టూ తిరిగారు. వంగి లోపల సీట్లు లెక్కపెట్టారు. నాలుగు.

"తక్కిన తలుపులేవి?"

"రెండే ఉంటయి తాత. గదే దాని అందం."

"బర్. తాయిని ఎన్క కూసోవెట్టు."

ముందు సీటు వీపు వంచి నన్ను లోపలికి పంపారు. చీర కుచ్చిళ్లు చిక్కుకుంటే మహేందరే సర్ది, సీటు మళ్లీ వెనక్కు నెట్టాడు. అది నా మోకాళ్లకు తగిలి ఆగింది. పక్కన అరచేతి వెడల్పున ఒక అద్దం ఉంది. దించడానికి మీట కోసం వెతికాను. ఆ అద్దం దిగదట. తోలు వాసన, కొత్త చెప్పుల వాసనలాంటిది. తల కప్పుకు తగులుతోంది. తాత ముందు సీట్లో ఎక్కారు, తలుపులు పడ్డాయి. ఆ చప్పుడు మెత్తగా ఉంది. అంత మెత్తటి చప్పుడుకు అంత భయం ఎందుకు వేసిందో అప్పుడు తెలియలేదు.

మహేందర్ మానేరు డ్యాం కట్ట దిక్కు పోనిచ్చాడు. ఖాళీ రోడ్డు దొరకగానే కాలు తొక్కాడు. వీపు సీటుకు అంటుకుపోయింది. పక్కన నీళ్లు ఒక గీతలా సాగిపోయాయి. ఇది రాయకూడదనుకున్నాను. కానీ దేవుడికి తెలిసిన సంగతి మీ దగ్గర దాచడం ఎందుకు? ఆ ఒక్క క్షణం నాకు బాగుంది. ఒళ్లు తేలికైపోయి, వయసు మరిచిపోయి, ఇంకా పోతే బాగుండుననిపించింది. ఆ వెంటనే పుట్టింది అసలు భయం. నాకే ఇట్లా ఉంటే ముందు చక్రం పట్టుకున్న నా తమ్ముడికి ఎట్లా ఉండాలి? వాడు ఎక్కడ ఆగుతాడు? ఆపరా అంటున్నాను గానీ ఇంజన్ హోరులో నా మాట నాకే వినబడలేదు. తాత చెయ్యెత్తారు. వాడు రోడ్డు పక్కకు తీసి ఆపాడు.

తాత వాణ్ణి దిగమన్నారు. తాను కూడా దిగారు. రెండు తలుపులూ మూశారు. తర్వాత అద్దం దగ్గరికి వచ్చి వంగి, నాకు వినబడేలా అన్నారు. "తాయీ, ఇగ నువ్వు దిగు."

ఎట్లా దిగాలి? సీటు భుజం దగ్గర ఒక పిడి ఉంటుందట. నాకేం తెలుసు. సీటును రెండు చేతులతో నెట్టాను. కదల్లేదు. చెయ్యి సందులో దూర్చి ముందు తలుపు పిడి కోసం చాచాను. జానెడు దూరంలో ఆగిపోయింది. ఎలాగో పిడి దొరికి సీటు వీపు వంగింది గానీ నడుము పట్టేంత సందు రాలేదు. కొంగు బెల్టు కింద ఇరుక్కుంది. ఎండకు లోపల ఊపిరి వేడెక్కుతోంది. అద్దం మీద నా ఊపిరే పొగలా పరుచుకుంటోంది. రామా అంటున్నాను, ఆ తర్వాత ఏమనాలో గుర్తు రావడం లేదు. అద్దంలోంచి మహేందర్ కనబడుతున్నాడు. మొదట నవ్వుతున్నాడు. తర్వాత నవ్వడం లేదు. తలుపు మీదికి వచ్చాడు. తాత వాడి మణికట్టు పట్టుకున్నారు. ఏదో అన్నారు, నాకు వినబడలేదు. నేను అద్దాన్ని కొట్టడం మొదలుపెట్టాను. నా గాజులు అద్దానికి తగిలి గలగలమన్నాయి.

ఆ చప్పుడుకు తాత కళ్లు మూసుకున్నారు. ఆయనే తలుపు తీశారు.

నేను రోడ్డు పక్కన గడ్డిలో కూర్చుండిపోయాను.  మహేందర్ కోపంగా, మా అక్కను ఎందుకు గింత పరేషాన్ చేసినవని ఆయన్ను అడిగాడు. తాత అక్కడే కింద కూర్చున్నారు, నా ఎదురుగా. అప్పుడు చెప్పారు.

వానాకాలం. కూపు నుంచి దుంగల లారీతో వస్తున్నారు. లారీ ఎడమ తలుపు గడియ విరిగితే తానే ఇనుప తీగతో గట్టిగా కట్టేశారు. ఇచ్చోడకు ఇవతల ఒకామె మూటతో నిలబడి చెయ్యెత్తింది. చెల్లె కానుపుకు పోతున్నానంది. తన దిక్కు నుంచే ఎక్కించుకుని ఎడమ పక్కన కూర్చోబెట్టారు. చేతుల నిండా ఆకుపచ్చ గాజులట. కొంత దూరం పోయాక ఆమె తలుపును కదిపి చూసి, "అన్నా, గీ తలుపు రాదా?" అని అడిగింది.

"'ఏం గాదు' అన్న నేను, తాయీ" అన్నారు తాత. ఆయన నోట ఆ మాట నేను విన్నది అదొక్కసారే.

వాగు మీద వంతెన తక్కువ ఎత్తు. నీళ్లు పారుతున్నా దాటించబోయారు. లారీ జారి ఎడమకు ఒరిగింది. తన తలుపు తెరుచుకుంది, దూకేశారు. గట్టు మీద పడి లేచి చూస్తే అద్దం వెనక ఆమె. గాజుల చేతులతో అద్దాన్ని కొడుతోంది. నాలుగు అడుగుల దూరం. కాళ్లు కదల్లేదట. ఎంత అనుకున్నా కదల్లేదట. మనుషులు వచ్చేసరికి చప్పుడు ఆగిపోయింది.

"నాకు తలుపున్నది. ఆమెకు లేకుండె" అన్నారు.

మహేందర్ కోపం అప్పటికే పోయింది. ఎంతసేపు నిలవడ్డవ్ తాత అని మెల్లగా అడిగాడు.

"ఇంక నిలవడే ఉన్న బిడ్డా."

ఆమె పేరేమిటో, చెల్లెది ఏ ఊరో ఎవరికీ తెలియలేదట. ఎవరూ వెతుక్కుంటూ రాలేదట. శనివారం వత్తి ఎవరికో నాకు అప్పుడు తెలిసింది. అద్దం వెనక నేనుండగా మణికట్టు పట్టుకుని ఏమన్నారో మహేందర్ తర్వాత చెప్పాడు. "ఆగు. గీ జాగల నీ బిడ్డ ఉంటది. మంచిగ చూడు" అన్నారట.

తీసుకోవద్దని తాత అనలేదు. పోయేముందు కారును మళ్లీ ఒకసారి కొట్టి, మంచి బండని ఒప్పుకున్నారు. ఒక్కడివే పోయేదుంటే తీస్కో, ఇంటోళ్లతోని పోయేదుంటే సీట్లు చూడకు, తలుపులు చూడు అన్నారు. మహేందర్ కారును అమ్మే ఆయన దగ్గర వదిలేసి వచ్చాడు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ మూడు రోజులు గేటు బయట ఏ బండి ఆగినా నీలి రంగేమోనని కిటికీలోంచి చూశాను.  నాలుగో రోజు వచ్చి, నా వైపు చూడకుండా, "బాసరకు బస్సుల పోదాం అక్కా" అన్నాడు.

తాత కూడా వచ్చారు. ఆపద కిటికీ పక్కన కూర్చుని ముందు దాన్ని తెరిచి చూశారు, కండక్టరు తిట్టాడు, "బర్" అన్నారు. గోదావరిలో మూడు మునకలు వేశారు. రెండో మునకకు ముందు పెదవులు కదిలాయి. పేరు తెలియని మనిషిని ఏమని పిలిచారో. మా పిల్ల సరస్వతమ్మ ముందు బియ్యంలో ఓం రాసింది. నా చెయ్యి దాని చేతి మీదే ఉంది. అమ్మవారికి ఎన్ని దండాలు పెట్టానో, ఆ రోజు తాతకూ అన్ని పెట్టాను, ఆయన చూడకుండా.

ఆ ఏడాదే మహేందర్ నాలుగు తలుపుల పాత కారు తీసుకున్నాడు, తాత కొట్టి చూసిందే. చూపు మందగించాక తాత ఇచ్చోడలో తమ్ముడి కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. ఆ నీలి కారును ఎవరు కొన్నారో తెలియదు. ఇప్పటికీ రోడ్డు మీద అలాంటిది కనబడితే నా కళ్లు దాని వెనక అద్దంలోకే పోతాయి. ఎవరైనా కూర్చున్నారేమోనని. అద్దాల నలుపులో ఏమీ కనబడదు. 

పోయిన నెల మహేందర్ ఫోనులో మళ్లీ అలాంటి బొమ్మ చూశాను. ఈసారి ఎర్రది. ఊరికే చూస్తున్న అక్కా అన్నాడు. పిల్లకు తొమ్మిదేండ్లు, ముందు సీటు కోసం కొట్లాడే వయసు, వెనకే కూర్చోబెడతారు. అడ్డం చెప్పే తాత ఇప్పుడు లేరు. నా మాట వాడు వింటాడో లేదో.

నిన్న సాయంత్రం దుకాణం నుంచి మా ఇంటికి వచ్చాక వాడికి సుజాత కబురు చెప్పింది.  చాయ్ కూడా తాగకుండా బయటికి పోయాడు. నేను దీపం ముందు కూర్చుని ఉన్నాను. వాకిట్లో కారు తలుపు తీసి మూసిన చప్పుడు వినబడింది. తర్వాత ఇంకోటి. వాడు చుట్టూ నడుస్తున్న అడుగులు. ఇంకోటి. నేను లోలోపల లెక్కపెడుతూ విన్నాను. నాలుగోదీ వినబడింది. అప్పుడు కళ్లు తుడుచుకుని వత్తి ముట్టించాను.

చదివేవారిని ఒకటి అడుగుతాను. తాతను తలుచుకోమని కాదు, ఆయనకు మేమున్నాం. ఇచ్చోడకు ఇవతల, వానలో, చెల్లె కానుపుకని మూట పట్టుకుని చెయ్యెత్తిన ఒకామె ఉంది. ఆకుపచ్చ గాజులు వేసుకుంది. తలుపు రాదా అని అడిగింది. ఇన్నేండ్లు ఆమెను తలుచుకున్నది ఈ లోకంలో ఒక్క మనిషే, ఆయన కూడా పోయారు. మీ ఇంట దీపం పెట్టినప్పుడు, పేరు తెలియకపోయినా సరే, ఆమెకు ఒక్క వత్తి ఎక్కువ వేయండి.